ముప్పై ఏడో కన్ను

ముందుగా ఒక క్షమాపణ. చిన్నది కాదు, బాగా పెద్దది, కనుక కుర్చీల్లో సర్దుకుని కూర్చోండి. ఈ మైకును నాకంటే బాగా మాట్లాడగల పదకొండుమంది చేతుల్లోంచి లాక్కున్నందుకు, నా మాటల్లో వ్యాకరణమూ సమయపాలనా భూతద్దం పెట్టి వెతికినా దొరకనందుకు, మీ టీలు చల్లారిపోతున్నందుకు, ఈ ఆసుపత్రిలో అందరికంటే చిన్నవాణ్ణయి ఉండీ అందరికంటే లావుపాటి కాగితాల కట్ట పట్టుకొచ్చినందుకు, ఇంకా లోకంలోని సమస్త కంటి కెమెరాల తరఫున, పాపం వాటికి నోరు లేదు గనుక వాటి అధికార ప్రతినిధిగా, మీ అందరి ముందూ సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. (సభలో నవ్వులు) నిజంగా పడలేదు. ప్యాంటు కొత్తది.

అధ్యక్షస్థానంలో కూర్చుని, ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న పెద్ద డాక్టరుగారికి, మొదటి వరసలో రుమాలు సిద్ధంగా పెట్టుకున్న సిస్టరమ్మకి, వేదిక మీద ఆ పూలగుత్తిని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పసిపిల్లలా పట్టుకున్న మన బొమ్మలక్కకి, ఆవిడ పక్కన కూర్చున్న బావగారికి, తలుపు దగ్గర నిలబడి వింటూ కంటి చుక్కల మందు సీసా చేత్తో పట్టుకుని ఇంకా డ్యూటీలోనే ఉన్నట్టు నటిస్తున్న మిత్రులకి నా నమస్కారాలు.

నేనెవరో తెలియని బంధువులు కొందరు వచ్చారు గనుక చెప్పుకోవాలి. మూడేళ్ల కిందట ఈ ఆసుపత్రికి ఒక పెద్ద మిషను వచ్చింది. కంట్లోకి చూసి, కనుపాప వెనక తెరలాగా పరుచుకున్న రెటీనా మొత్తాన్ని ఒక్క సెకనులో ఫోటో తీస్తుంది. చుక్కలు వెయ్యక్కర్లేదు, కళ్లు జిగేల్‌మనక్కర్లేదు. ఆ మిషనుతోపాటు దాన్ని నడపడానికి ఉచితంగా వచ్చినవాణ్ణి నేను. డబ్బా విప్పినప్పుడు థర్మకోల్ ముక్కలు ఎలా వస్తాయో, అలా. (నవ్వులు) థర్మకోల్‌ని పారేశారు. నన్ను ఉంచుకున్నారు. ఆ నిర్ణయం సరైనదో కాదో ఈ సాయంత్రానికి మీరే తేల్చుకుందురుగాని.

నాకు ముందునుంచీ ఇక్కడ కంటి ఫోటోలు తీస్తున్నది బొమ్మలక్క. ముప్పై ఒక్క సంవత్సరాలు. ఆవిడకి ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. అందరం మర్యాదగా రిటైర్‌మెంటు అంటున్నాం గానీ, ఇది రాజీనామా. ఆ కాగితంలో ఆవిడ రాసింది ఒక్క వాక్యం: "నా చూపు మీద నాకు నమ్మకం తగ్గింది." ఎందుకు తగ్గిందో ఈ హాల్లో ఉన్న సిబ్బంది అందరికీ తెలుసు. తెలిసీ ఎవరమూ ఎత్తడం లేదు. పూలగుత్తి మీద మాత్రం "విశ్రాంత జీవిత శుభాకాంక్షలు" అని రాయించాం. రాయించింది నేనే.

సరే, మొదటినుంచి చెప్తాను. నేను చూడని కాలం గురించి కూడా చూసినట్టే చెప్తాను. తప్పొస్తే సిస్టరమ్మ సరిదిద్దాలి.

ఆవిడ చేరినప్పుడు కెమెరాలో ఫిల్ము ఉండేది. ఒక రీలుకి ముప్పై ఆరు బొమ్మలు. చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కిస్తే, పది పన్నెండు సెకన్లలో అది కంటి రక్తనాళాల్లోకి చేరుతుంది. అప్పుడు అది ఎక్కడ కారుతోందో, ఎక్కడ ఆగిపోయిందో వరసగా ఫోటోలు తియ్యాలి. ఒక్కటి తప్పినా ఆ క్షణం మళ్లీ రాదు. మందెక్కితే కొందరికి వాంతి వచ్చేది. సిస్టరమ్మ ఒక చేత్తో బేసిను, ఒక చేత్తో పేషెంటు తల పట్టుకుంటే, బొమ్మలక్క నోట్లో సెకన్లు లెక్కపెట్టుకుంటూ బొత్తాం నొక్కేది. తర్వాత ఎర్రదీపం గదిలో ఆ ఫిల్ము కడిగి, తాడుకి క్లిప్పులతో ఆరేసేది. తడి ఆరకముందే పెద్ద డాక్టరుగారు తలుపు కొట్టి "అయిందా?" అనేవారట. "తలుపు తీస్తే అన్నీ పోతాయి సార్, మీ ఇష్టం" అనేదట ఈవిడ. ఈ ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగార్ని తలుపు బయట నిలబెట్టిన ఏకైక వ్యక్తి. (చప్పట్లు) సార్ కూడా కొడుతున్నారు, గమనించగలరు.

ఆ మందు ఒంట్లో ఉన్నంతసేపూ మనిషి పచ్చగా అయిపోతాడు. ఒక బస్సు కండక్టరు పొద్దున్నే మందెక్కించుకుని, ఏమీ కాదులే అని మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లాడట. రెండు స్టాపుల్లో బస్సు సగం ఖాళీ. కామెర్లు అనుకుని జనం దిగిపోయారు. మర్నాడు వచ్చి, "అమ్మా, ఈ మందు రద్దీ రోజుల్లో కూడా దొరుకుతుందా?" అని అడిగాడట. (నవ్వులు)

ఫోటో తీసేటప్పుడు పేషెంటు చూపు ఒకచోట నిలవాలి. "నా చెవి చూడండి" అనేది ఈవిడ. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ ఊళ్లో సగం మంది ఈవిడ చెవులు చూశారు. చుక్కలు వేసిన కళ్లకి మొహం మసక గనుక, మొహం ఎవరికీ గుర్తుండదు. కూరగాయల కొట్టు దగ్గర ఒక పెద్దాయన ఎదురుగా నిలబడి గుర్తుపట్టలేదట, ఈవిడ పక్కకి తిరిగేసరికి "ఓహో, మీరా!" అన్నాడట. బావగారు నాతో రహస్యంగా చెప్పిన విషయం ఒకటుంది, ఇప్పుడిక రహస్యం కాదు: ఇంట్లో మాటా మాటా వచ్చినప్పుడు ఆయన తనకి తెలియకుండానే ఆవిడ చెవి వైపు చూస్తాట్ట. (నవ్వులు) బావగారూ, ఇంటికెళ్లాక జరిగేదానికి సంస్థ బాధ్యత వహించదు.

తర్వాత ఫిల్ము పోయింది, డిజిటల్ వచ్చింది. రెటీనాని ఉల్లిపొరల్లా అడ్డంగా కోసి చూపించే స్కాను వచ్చింది, సూది లేకుండానే. సూది తగ్గింది, వాంతులు తగ్గాయి, సిస్టరమ్మ బేసిను మొక్కల తొట్టి అయింది. ఇవన్నీ మంచి మార్పులే. నేను మిషను మనిషిని, ఆ మాట కాదనను. పోయినేడు బస్టాండులో క్యాంపు పెడితే, తన కంట్లో రక్తం చెమరుస్తోందని ఊహ కూడా లేని టిక్కెట్ల గుమాస్తాకి మన మిషను నలభై సెకన్లలో చెప్పింది. ఆవిడ చూపు నిలబడింది. ఫోటోని కంప్యూటరే చదివి, డాక్టరు దగ్గరికి పంపాలా వద్దా అని చెప్పేస్తోంది. డాక్టరు లేని చోట అది దేవుడి లాంటిదే.

కానీ ఆ నలభై సెకన్లలో నేను ఆ గుమాస్తాని ఒక్క మాట కూడా అడగలేదు. బొమ్మలక్క దగ్గరైతే చుక్కలు వేశాక కనుపాప విచ్చుకునేదాకా అరగంట కూర్చోవాలి. ఆ అరగంట ఆవిడ ఊరుకోదు. "చక్కెర మాత్ర వేసుకుంటున్నావా నాయనా?" అంటుంది. వాళ్లు "ఆఁ" అంటారు. "ఏ రంగు మాత్ర?" అంటుంది. అక్కడ దొరికిపోతారు. ఒకామె తన మాత్రని సగం విరిచి మొగుడికి పెడుతోందని ఆ అరగంటలోనే బయటపడింది, ఇద్దరికీ ఒకటే జబ్బు కదా, ఒకటే మాత్ర చాలదా అని ఆమె లెక్క. ఏ స్కానులోనూ అది కనపడదు. ఇప్పుడు చుక్కలూ లేవు, అరగంటా లేదు. జనం తొందరగా ఇంటికి వెళ్తున్నారు. అందుకు వాళ్లు నాకు థాంక్స్ కూడా చెప్తున్నారు. ఒక్కోసారి ఆ థాంక్స్ తీసుకోవడానికి చెయ్యి రాదు.

ఇక ఆవిడకా పేరు ఎందుకొచ్చిందో చెప్పాలి. కెమెరా ముందు కూర్చోబెట్టే లోపు బొమ్మలక్క ప్రతి కంటినీ చేత్తో గీసేది. తలకి దీపం కట్టుకుని, చేతిలో లెన్సు పట్టుకుని, పేషెంటుని బల్ల మీద పడుకోబెట్టి, కంటి అంచుల దాకా చూసి, రంగు పెన్సిళ్లతో కాగితం మీద పటం వేసేది. మంచి రక్తం ఎరుపు, చెడు రక్తం నీలం, మచ్చలు పసుపు. పెద్ద డాక్టరుగారు కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆవిడకి నేర్పిన పని అది. నేర్పిన ఆయన మానేశారు, నేర్చుకున్న ఆవిడ మానలేదు.

నేను వచ్చిన కొత్తలో ఎగతాళి చేశాను. "అక్కా, కెమెరా ఉండగా ఈ రంగులెందుకు, బాల్వాడీలాగా?" అన్నాను.

"ఫోటో నువ్వు తీసేస్తావురా, చూడవు," అంది. "గీయాలంటే చూడాలి. చూడకుండా గీయలేం."

"ఇప్పుడు చూడ్డం కూడా మిషనే చేస్తోంది కదక్కా."

"మంచిదే. మరి నువ్వేం చేస్తావు?"

జోకు వేశాను. ఏ జోకో గుర్తు లేదు, ఆవిడ నవ్వలేదని మాత్రం గుర్తుంది.

అయినా నాకు నేర్పింది. పేషెంటు భయపడితే వాళ్ల మోచేతి కింద దిండు పెట్టాలని, ముసలివాళ్ల కనురెప్ప ఎత్తేముందు వేలు రుద్దుకుని వెచ్చబరుచుకోవాలని, వినపడనివాళ్లకి భుజం తట్టి ఎటు చూడాలో చెప్పాలని. నా మిషను పక్కన ఇప్పుడున్న ఆ చిన్న దిండు ఆవిడ కుట్టి తెచ్చిందే. కొత్త ఫోన్ కొన్నవాడిలా నేను మిషను గొప్పలు చెప్తుంటే, పక్కన కూర్చుని శ్రద్ధగా విని, "బాగుందిరా, ముక్కుకి దగ్గరగా ఉండే అంచు కూడా వస్తోంది. మాకు అక్కడ మెడ నొప్పి పుట్టేది" అని మెచ్చుకునేది. అసూయపడి ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది.

ఈ ఏడాది మొదట్లో పోలిక పెట్టారు. వందమంది కళ్లు. ఒక పక్క బొమ్మలక్క పటం, ఒక పక్క మిషను ఫోటో. పేర్లు తీసేసి నంబర్లు. రెండూ సరిపోల్చి పట్టిక రాయాల్సింది నేను. తేడా వచ్చినచోట డ్యూటీ డాక్టరు లెన్సుతో మళ్లీ చూసి తేల్చాలి. తొంభై ఎనిమిదింటిలో ఇద్దరూ ఒకటే చెప్పారు. ఒకదాంట్లో ఆవిడ పట్టుకున్న మచ్చని మిషను వదిలేసింది. ముప్పై ఏడో నంబరులో ఆవిడ రెటీనా పైఅంచున, గడియారంలో పన్నెండు ఉండే చోట, చిన్న చిరుగు గీసినట్టు పట్టికలో ఉంది. ఫోటోలో అక్కడ ఏమీ లేదు. డ్యూటీ డాక్టరు అక్కడే వెతికారు, ఏమీ లేదు. పేషెంటుని ఇంటికి పంపేశారు.

మీటింగులో పెద్ద డాక్టరుగారు కోప్పడలేదు. మెల్లగానే అన్నారు, "ఉన్నది ఒకటి కనపడకపోతే మళ్లీ చూస్తాం. లేనిది ఉందని గీస్తే, ఆ మాట నమ్మి లేజరు కొట్టి ఉంటే?" అని. బొమ్మలక్క తల దించుకుని, "నిజమే సార్" అంది. ఆ నెల నుంచి బొమ్మల గది మూసేశాం. లెన్సు పరీక్ష మానేశాం. మిషను చెప్పిందే రిపోర్టు. మరుసటి వారం ఆవిడ ఆ ఒక్క వాక్యం రాసి ఇచ్చింది. నేను పరిగెత్తి, "ఒక్కటే కదక్కా, వందలో ఒక్కటి" అన్నాను. "లేనిది కనిపించడం మొదలైతే ఆపెయ్యాలి నాయనా. అది ఎవరి కన్నో, వాళ్లెంత భయపడ్డారో" అంది. ఆ రాత్రి నిద్రపోలేదని బావగారు చెప్పారు. ఇంట్లో గోడ మీద మచ్చ కనబడినా, "అది నిజంగా ఉందా?" అని ఆయన్ని అడుగుతోందట ఇప్పుడు.

సిస్టరమ్మా, రుమాలు ఇటు పాస్ చెయ్యకండి, నాకు వద్దు. నేను బాగానే ఉన్నాను.

కార్యక్రమం ప్రకారం ఇక్కడ నేను ధన్యవాదాలు చెప్పాలి. అధ్యక్షులవారికి, పూలు తెచ్చినవారికి, మైకు రెండుసార్లు కీచుమన్నా మూడోసారి అననివ్వని ఎలక్ట్రీషియనుకి, ఇంతసేపూ నన్ను భరించిన మీకు, ముప్పై ఒక్క ఏళ్లు ఆవిడని మాకు అప్పిచ్చి ఒక్కరోజూ తిరిగి అడగని బావగారికి ధన్యవాదాలు. బొమ్మలక్కా, మీరు సుఖంగా ఉండాలి. ఇక నేను సెలవు తీసుకుంటాను.

(చప్పట్లు. వక్త కూర్చోలేదు.)

ఆగండి. చప్పట్లు ఆపండి, దయచేసి. కాగితాల కట్టలో చివరిది ఇంకా మిగిలింది. దీన్ని చదవకుండా దిగిపోదామనే వచ్చాను. కాళ్లు దిగడం లేదు.

ఈ వేషాలన్నీ వేసింది ఇది చెప్పే ధైర్యం లేకే. ఆ లెన్సులోంచి చూస్తే కన్ను తలకిందులుగా కనిపిస్తుంది. పైన ఉన్నది కింద, కుడిది ఎడమ. అందుకే గీసేవాళ్లు కాగితాన్ని పేషెంటు గుండె మీద తలకిందులుగా పెట్టుకుని, కనపడింది కనపడిన చోటే గీస్తారు. తర్వాత కాగితాన్ని సరిగ్గా తిప్పితే అన్నీ వాటి చోట్లకి వచ్చేస్తాయి. పాత కాగితాల మీద "పైన" అని అచ్చువేసి ఉండేది. పోలిక కోసం కొత్త కాగితాలు తయారుచేసింది నేను. వట్టి గుండ్రాలు వేశాను. "పైన అన్న గుర్తు లేదేమిరా?" అని బొమ్మలక్క అడిగింది. "గుండ్రానికి పైనేంటి, కిందేంటక్కా" అన్నాను. అందరం నవ్వాం. ఆవిడ ప్రతి కాగితం మీదా తనే పెన్సిలుతో పైవైపు చిన్న గీత పెట్టింది. అన్నిటి మీదా ఉంది. ముప్పై ఏడో దాని మీదా ఉంది.

ఆ పూట నేను ఫోను మాట్లాడుతూ పట్టిక నింపుతున్నాను. ముప్పై ఏడోదాన్ని తలకిందులుగా పట్టుకున్నాను. గీత చూడలేదు. అది కుడికన్ను. ముక్కు వైపు ఉండాల్సిన కంటినరం చెవి వైపు కనపడుతోంది, అంటే కాగితం తిరగబడిందని మొదటి సంవత్సరం పిల్లలు కూడా చెప్తారు. నేను గమనించలేదు. పన్నెండు గంటల దగ్గర చిరుగు అని రాశాను. ఆవిడ గీసింది ఆరు గంటల దగ్గర, కింది అంచున. మిషను ఫోటోలో సరిగ్గా అక్కడే కనురెప్పల వెంట్రుకల నీడ పడింది. నేను పన్నెండు అని రాశాను గనుక డాక్టరు పైనే వెతికారు. మీటింగులోనూ పటం ఎవరూ తియ్యలేదు, నా పట్టికే చూశారు.

బొమ్మలక్క రాజీనామా ఇచ్చిన నాలుగో రోజు ఒక దర్జీ వచ్చాడు. కుడికంటికి పైనుంచి నల్లటి తెర దిగుతోందన్నాడు. రెటీనా కిందినుంచి ఊడింది. ఆపరేషను చేశారు. చూపు కొంత నిలిచింది, ఆ కంటితో ఇప్పుడు సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాడు. ముప్పై ఏడో నంబరు ఆయనదే. సర్జనుగారు కింది చిరుగు కొత్తగా వచ్చిందనుకున్నారు, నా పట్టికలో పైన అనే ఉంది కదా. ఆ సాయంత్రం బీరువా తీసి కాగితం చూశాను. తిప్పాను. గీత పైకొచ్చింది. చిరుగు సర్జనుగారు చెప్పిన చోటే, అంత పరిమాణంలోనే, ఎర్రటి పెన్సిలుతో ఉంది.

ఆ కాగితం ఇదిగో. పెద్ద డాక్టరుగారూ, మీ బల్ల మీద పెడుతున్నాను, రాజీనామా మీద మీరింకా సంతకం పెట్టలేదని తెలుసు. దర్జీగారిని ఈ సభకి పిలవాల్సింది, పిలవలేదు. రేపు ఆయన కొట్టుకి వెళ్లి ఈ మాటే చెప్తాను.

బొమ్మలక్కా, నా మొహం చూడొద్దు, చూడలేను నేను. మీరు లేనిది గీయలేదు. మీ చూపుకి ఏమీ కాలేదు. నేను తిప్పి చూడకుండా రాశాను. తిప్పి చూశాక, కాగితాన్ని మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేశాను. తొమ్మిది వారాలు.